రెండో కంపెనీ తూకం

ఉదయం ఏడింటికల్లా గది ఖాళీ అయిపోయింది. ఆమె భర్త పోయి మూడు వారాలు. పరాయి ఊళ్ళో పదేళ్ళు వడ్రంగం చేసిన మనిషి ఆస్తి రెండు పెట్టెల్లో సర్దుకుపోయింది. ఒకదాంట్లో బట్టలూ దుప్పట్లూ, రెండోదాంట్లో పనిముట్లు.

ఆమెను సొంతూరికి తీసుకెళ్ళడానికి వచ్చిన మరిది పెట్టెలు తూచాడు. "ఒకటి ఇరవై మూడు, ఒకటి ఇరవై రెండు. సరిపోయాయి వదినా."

అతనూ వడ్రంగే. పని నేర్పింది అన్నే. ఊళ్ళో ఉమ్మడి దుకాణం విషయంలో తగాదా వచ్చి, మూడేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

దారిలో విమానం మారాలి. పెట్టెలు దించుకుని రెండో కంపెనీ కౌంటరుకు వెళితే, అక్కడి అమ్మాయి తూకం చూసి తల అడ్డంగా ఊపింది.

"మనిషికి పదిహేను కిలోలేనండి."

"టికెట్ ఒకటే కదమ్మా. మొదటి విమానంలో మనిషికి ఇరవై మూడన్నారు," అన్నాడు మరిది.

"టికెట్ ఒకటే, కంపెనీలు రెండు. మా రూలు రెండో పేజీలో ఉంది చూడండి. ఎక్కువ బరువుకి ఈ విమానంలో చోటు కూడా లేదు."

టికెట్ కొన్నది అతనే. రెండో పేజీ తిప్పి చూడలేదు.

పదిహేను కిలోలు వదిలేయాలి. అతను బట్టల పెట్టె తెరిచాడు. "ఇవి తీసేద్దాం వదినా. పనిముట్లైతే పనికొస్తాయి."

"ఎవరికి, నీకా?" ఆమె గొంతు పెంచలేదు. "మనిషి ఉన్నన్నాళ్ళూ అక్కర్లేకపోయాడు. ఇప్పుడు ఆయన ఉలులు కావాలా?"

వెనక వరసలోవాళ్ళు తిరిగి చూశారు. అతను కింద చతికిలబడి దుప్పట్లు తీసి పక్కన పెట్టాడు. అన్న చొక్కా ఒకటి తన చొక్కా మీదే తొడుక్కున్నాడు. దాని మీద ఇంకొకటి, ఇంకొకటి, ఆపైన కోటు. అయినా బరువు ఇంకా ఎక్కువే ఉంది. రెండో పెట్టెలోంచి ఇనుప బిగింపులు, పెద్ద రంపం తీసి నేలమీద పెట్టాడు. చెక్క నునుపు చేసే చిత్రిక చేతికి రాగానే ఆగిపోయాడు. అన్న బొటనవేలు ఆనే చోట పిడి గుంటపడి ఉంది.

"అన్నయ్య ఫోన్ చేశాడు వదినా. రెండుసార్లు. నేను ఎత్తలేదు."

"తెలుసు. పక్కనే ఉన్నాను. పనిలో ఉన్నాడేమోలే, రేపు చేద్దాం అన్నారు. మర్నాటికి మాట పడిపోయింది."

అతను చిత్రికను గుండెకు ఆనించుకుని, అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె దాన్ని నెమ్మదిగా తీసుకుని పెట్టెలో పెట్టింది. తర్వాత అతని ముందు కూర్చుని కోటు బొత్తాలు పెట్టసాగింది.

"భుజాల దగ్గర వదులుగా ఉంది," అంది, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే. "ఇంటికెళ్ళాక నీకు సరిపోయేట్టు కుట్టిపెడతాను."