బెల్లంగాడి అరికాళ్లు

పొద్దున లేచి ముఖం కడుక్కోగానే భాగ్య చేసే మొదటి పని బెల్లంగాడి కాళ్లు చూడటం. ఎండ పడే మెట్టు మీద కూర్చుని, ఒక చెయ్యి వాడి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తి, తన పొట్టకు ఆనించుకుంటుంది. ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకు మూడేసి. ఒక్కో పాదం మెల్లగా పట్టుకుని అరికాలు ఎర్రబడిందా, తడిగా ఉందా, గోళ్లు వంకర తిరిగాయా అని చూస్తుంది.

బడి పుస్తకంలో దాని పేరు గినీ పంది. ఎల్లారెడ్డిలో చెరుకు వేసే మేనమామ లింగం పట్నం పోయినప్పుడు చార్మినార్ దగ్గర కొని తెచ్చి మేనకోడలికి ఇచ్చాడు. రంగు అచ్చం పాత బెల్లం. అందుకే ఆ పేరు.

భాగ్య తండ్రి దేవన్నకు కామారెడ్డి గంజ్ మార్కెట్‌లో బెల్లం దుకాణం. రైతులు తెచ్చిన బెల్లం వేలంలో అమ్మిపెడతాడు. ప్రతి బెల్లం దిమ్మనూ తిరగేసి అడుగు చూడందే ధర చెప్పని మనిషి. పైన బంగారంలా మెరిసే దిమ్మ అడుగున నీరు కారుతూ ఉండొచ్చు. పైభాగం అమ్మేవాడు చూపిస్తాడు, అడుగు కొనేవాడే చూసుకోవాలి. ఇదీ ఆయన లెక్క.

అయినా బెల్లంగాడి విషయంలో ఆ లెక్క తప్పింది. ఊడ్చే పని ఉండదని కోళ్ల కోసం అల్లిన జాలీ పంజరం కొన్నాడు. రెట్టలు కిందికి రాలిపోయాయి, నిజమే. కానీ ఆ తీగల మీద నిలబడి నిలబడి బెల్లంగాడి అరికాళ్లు పుండ్లు పడ్డాయి. పశువుల డాక్టరు మందు రాసిచ్చి, పంజరం పారేసి మెత్తని బట్ట వేయమన్నాడు. అప్పటి నుంచి వెదురు బుట్ట, దానిలో ఎండుగడ్డి, గడ్డి మీద నానమ్మ సాలవ్వ పాత నూలు చీర ముక్కలు. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్లతో కాళ్లు కడిగి, తుడిచి, మందు రాయడం భాగ్య పని.

"ఎలుకకు గూడ వైద్యమా! మా కాలంల మనుషులకే దిక్కులేకుండె," అని సాలవ్వ మంచం మీద నుంచి నవ్వేది. నవ్వుతూనే అన్నీ చూసేది.

పుండ్లు మానిపోయాయి. కానీ ఇంట్లో ఒక వాసన మొదలైంది. తియ్యగా, కుళ్లినట్టు ఉండే వాసన. భాగ్య తల్లి గంగామణి బుట్టలో గడ్డి మార్చింది, బండలు కడిగింది. వాసన పోలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఆ వాసన ఎక్కడిదో ఇంట్లో ఒక్క సాలవ్వకే తెలుసు. ఆమెకు షుగర్. దసరాకు ముందు దొడ్లో చిటికెన వేలి కింద గాజుపెంకు గుచ్చుకుంది. నొప్పే తెలియలేదు. బండల మీద రక్తపు మరక చూసి తెలుసుకుంది. పసుపు అద్ది గుడ్డ కట్టి, చీర అంచు కిందికి దించుకుంది. ఆమె బావగారికి ఇలాగే మొదలైంది. పట్నం దవాఖానలో ముందు వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. చివరకు మనిషే మిగలలేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు భాగ్యను చూసి నేర్చుకున్నట్టే ఉప్పునీళ్లతో కడుక్కునేది. బెల్లంగాడిది మానింది. ఆమెది మానలేదు.

ఒకరోజు బెల్లం బండితో వచ్చిన లింగం ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. పొద్దున చాయ్ తాగుతుంటే గంగామణి అన్నది:

"తమ్మీ, నువ్వు తెచ్చినవ్, నువ్వే తీస్కపో. ఇల్లంత కంపు."

"నేనేమన్న ఏనుగును తెచ్చిన్నా అక్కా? గింతంత జీవి."

"గింతంత జీవికి గంత వాసన. ఏమంటరు?" అని భర్త వైపు తిరిగింది.

"తీస్కపోనీ. సెలవులల్ల భాగ్య ఎల్లారెడ్డి పోయి సూసొస్తది," అన్నాడు దేవన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "లింగం, నీ సరుకు ఇయ్యాల వేలానికి పెడ్త. రెండు దిమ్మలల్ల అడుగు చెమ్మున్నది, పక్కకు తీసిన."

"బావమర్ది బెల్లం గూడ తిరగేస్తివా బావా?"

"సుట్టరికం సుట్టరికమే, చెమ్మ చెమ్మే."

భాగ్య బెల్లంగాణ్ణి తెచ్చి తండ్రి ముందు నిలబడింది. "మామ సరుకు తిరగేసినవ్ గద బాపూ. వీణ్ని గూడ తిరగేసి సూడు. వాసనుంటే నేనే బస్సెక్కిస్త."

"నువ్వు బడికి పోవే," అన్నది తల్లి.

కానీ మాట వ్యాపారం మాట. దేవన్న కాదనలేకపోయాడు. బెల్లంగాణ్ణి చేతుల్లోకి తీసుకుని, నాలుగు అరికాళ్లూ చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండుగడ్డి వాసన.

"దీనిది గాదు," అన్నాడు.

"మరి ఏడికెళ్లి వస్తున్నది? మోరీల నుంచా?" గంగామణి తగ్గలేదు. "కొన్నాళ్లు దీన్ని పంపి సూద్దాం. వాసన ఆగితే దీనిదే, ఆగకుంటే మళ్ల తెచ్చుకుందాం."

అదీ న్యాయంగానే ఉందనిపించింది దేవన్నకు. బుట్ట మీద మూత పెట్టి సుతిలి తాడుతో కట్టాడు. లింగం బుట్ట ఎత్తుకున్నాడు.

భాగ్య ఏడవలేదు. వాకిలి దాకా వెంట నడుస్తూ పని అప్పగించినట్టు చెప్పింది.

"రోజూ అరికాళ్లు సూడాలె మామా."

"నా ఎడ్ల కాళ్లు సూసుడే తీరదు బిడ్డా."

"ఎడ్లు కుంటుతయి, నీకు తెలుస్తది. వీడు గట్ల గాదు. ఎంత బాధైనా సప్పుడు జెయ్యడు, మూలకు పోయి కూసుంటడు. ఏం గానట్టే ఉంటడు. మనమే ఎత్తి సూడాలె. లేకుంటే సచ్చిపోతడు మామా."

భాగ్య రెండు చేతులతో బుట్ట పట్టుకుంది.

"దించురా లింగం," అన్నది సాలవ్వ మంచం మీద నుంచి.

అందరూ తిరిగి చూశారు.

"దించు దాన్ని. పాపం దానికెందుకు అంటగడ్తరు. వాసన నాది."

చీర అంచు పైకి తీసింది. గుడ్డ నల్లగా తడిసి ఉంది.

దేవన్న మంచం ముందు కూర్చున్నాడు. గుడ్డ విప్పి, తల్లి మడమ అరచేతిలోకి తీసుకుని, పాదాన్ని వెలుతురు వైపు తిప్పాడు. పాదం పైన చర్మం మామూలుగానే ఉంది. అడుగున చిటికెన వేలు మొదలు దాకా కుళ్లిపోయింది. గంజ్‌లో ఎన్ని వేల దిమ్మలు తిరగేసిన చేతులో అవి. ఈ అడుగు మాత్రం చూడలేదు.

"దసరాకు జమ్మి ఆకు చేతుల పెట్టి కాళ్లు మొక్కిన గదనే అవ్వా! కాళ్లు చీర కిందికి గుంజుకుంటివి. వద్దంటున్నవేమో అనుకున్న."

"చెప్తే కోస్తరు కొడుకా."

"చెప్పకుంటేనే కోస్తరు!" గంగామణి అరిచింది. అరిచి, అక్కడే కూలబడి ఏడ్చింది. "ఒక్క ఇంట్ల ఉంటం గదా అత్తమ్మా. పిల్ల ఎలుక కాళ్లు సూస్తుంటే నేను నవ్వుకుంట తిరిగిన. నీ కాళ్లు నేనన్న సూడకపోతి."

లింగం బుట్ట దించి ఆటో కోసం పరుగెత్తాడు. ఆ రోజు గంజ్‌లో వేలం దేవన్న లేకుండానే జరిగింది. లింగం బెల్లం పక్క దుకాణం వాళ్లు అమ్మిపెట్టారు. ధర ఎంత పలికిందని దేవన్న ఆ వారమంతా అడగలేదు.

దవాఖానలో చిటికెన వేలు తీసేశారు. పాదం నిలిచింది. ఇంకొన్నాళ్లు దాచి ఉంటే మాట వేరేగా ఉండేదని డాక్టరు చెప్పాడు. షుగర్ ఉన్న పాదం నొప్పి చెప్పదు, రోజూ ఇంట్లో ఎవరో ఒకరు చూడాల్సిందేనన్నాడు. విన్న భాగ్య తల ఊపింది. ఆ పిల్లకు అది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు పొద్దున ఎండ పడే మెట్టు మీద ఇద్దరు రోగులు. భాగ్య బెల్లంగాణ్ణి ఒళ్లో పెట్టుకుంటుంది. పక్కనే పీట మీద కాళ్లు చాపుకుని సాలవ్వ.

"ముందు నన్ను సూడుండ్రి. దానికేం తొందర, బడికి పోయేదున్నదా?" అని కసురుతుంది.

గంజ్‌కు వెళ్లే ముందు ఆమె పాదం చూడటం దేవన్న పని. అరికాలు తిరగేసి, వేళ్ల మధ్య ఆరిందో లేదో చూసి, నూలు గుడ్డతో తుడుస్తాడు. ఒకరోజు అలా చూస్తుంటే సాలవ్వ నవ్వింది.

"అడుగు మంచిగనే సూస్తున్నవ్ గని, ఎంత పలుకుతదిరా ఇది? ఒక వేలు తక్కువున్న సరుకు."

దేవన్న తల్లి పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, తల వంచుకున్నాడు.

"ఇది అమ్మే సరుకు గాదవ్వా," అన్నాడు.

కొడుకు కళ్లనీళ్లకు తుడిచిన పాదం మళ్లీ తడిసింది. సాలవ్వ ఈసారి కాలు వెనక్కి తీసుకోలేదు.