మూడో షెడ్డులో ఇనప దవడ

విజయనగరం నుంచి శృంగవరపుకోట పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పేరెందుకులెండి. కాలేజీ రాకముందు అక్కడ జూట్ మిల్లు ఉండేది. మిల్లు మూతపడ్డాక పాత షెడ్లన్నీ పడగొట్టారు... ఒక్కటి తప్ప. దాన్ని మూడో షెడ్డు అంటారు.

లాకౌట్ రోజుల్లో ఎర్రన్న అనే కూలీని అందులోనే తోటివాళ్లు గునపాలతో కొట్టి చంపారని చెబుతారు. నార బేళ్ల వెనక దాచిన శవం మూడు రోజులకి గానీ బయటపడలేదట. కాలేజీవాళ్లు ఆ షెడ్డుని పడగొట్టడానికి మనుషుల్ని పెడితే, మొదటిరోజే పైకప్పు రేకు జారి ఒకడి మెడ మీద పడింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. పాత ఇనుమూ, విరిగిన బల్లలూ అందులో పడేసి తాళం వేశారు. దీపాలు పెట్టే వేళ దాటితే వాచ్‌మన్ కూడా అటువైపు కుర్చీ వేసుకోడు.

అక్కడ ఏం జరిగిందో నాకు మా పిన్ని కూతురు కుసుమకుమారి చెప్పింది. వాళ్లది చింతపల్లి రేవు. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు. చిన్నప్పటినుంచీ చేపలు కోసిన చెయ్యి ఆమెది, నెత్తురు చూసి కళ్లు తిరిగే మనిషి కాదు. అందుకే ఆమె చెబుతుంటే నేను మధ్యలో నవ్వలేకపోయాను.

మొన్న డిసెంబరులో ఆ కాలేజీలో రోబో చేతుల పోటీ పెట్టారు. పిల్లలు సొంతంగా తయారుచేసిన యంత్రపు చెయ్యి, ఒక బల్ల మీది ఇనప గుండుని పట్టుకొని, జారకుండా ఇంకో బల్ల మీద పెట్టాలి. విశాఖపట్నం నుంచి ఒక కంపెనీవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. గెలిచినవాళ్లకి వెంటనే ఉద్యోగాలు ఇస్తామన్నారు.

కుసుమా, ఆమె తరగతివాడు మోహనకృష్ణా కలిసి ఒక చెయ్యి చేశారు. మోహనకృష్ణది గజపతినగరం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మొదట్లో గోవింద్ అనే ఇంకో కుర్రాడు కూడా వాళ్లతో ఉండేవాడు. మాటా మాటా పెరిగి విడిపోయాడు, వేరే టీం కట్టాడు. ఆ రోజునుంచీ ఎదురుపడితే తల తిప్పుకునేవాడట.

వాళ్ల చెయ్యి మనిషి నడుమెత్తు ఉండేది. దాని జబ్బా మోచెయ్యీ ఫోన్‌తో కదిలేవి. చివర గుండుని పట్టే దవడ మాత్రం ఫోన్‌తో కాదు. దానికి పాత కారు వైపర్ మోటారు పెట్టి, తీగతో ఒక చిన్న స్విచ్చి డబ్బాకి కలిపారు. స్విచ్చి పైకి నొక్కితే దవడ తెరుచుకుంటుంది, కిందకి నొక్కితే మూసుకుంటుంది.

పోటీ ముందు రోజు సాయంత్రం ల్యాబ్‌ని బయటి కాలేజీల పిల్లలకి ఇచ్చేశారు. వీళ్లకి చోటు లేదు. ల్యాబ్ అటెండరు ఎల్లాజీని బతిమాలి మూడో షెడ్డు తాళం తీయించుకున్నారు.

తాళం తీసి ఎల్లాజీ గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఆరున్నరకల్లా వచ్చీండమ్మా," అన్నాడు మెల్లగా. "ఇక్కడ సీకట్లో ఉండకూడదు."

ఆరున్నర అయింది. గుండు రెండుసార్లు జారింది. ఇంకొక్కసారి చూద్దాం అనుకున్నారు. ఏడు దాటింది.

మోహనకృష్ణ ఆ యంత్రం ముందు వంగి, గుండుని దవడ మధ్య సర్దుతున్నాడు. కుసుమ నాలుగడుగుల దూరంలో డబ్బా పట్టుకొని నిలబడింది.

అప్పుడు — కరెంటు పోయింది.

రెండు క్షణాలు ఏమీ లేదు. రేకుల మీద గాలి చప్పుడు తప్ప.

తర్వాత చీకట్లో... మోటారు తిరిగింది.

చెయ్యి బ్యాటరీతో నడుస్తుంది, కరెంటుతో పనిలేదు. కానీ మోహనకృష్ణ ఫోన్ బల్ల మీద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"నువ్వేనేటి?" అన్నాడు మోహనకృష్ణ, గొంతు తగ్గించి.

"నాను కాదు," అంది కుసుమ.

ఇనప జబ్బ ఒక్కసారి పైకి లేచి అతని మూతి మీద కొట్టింది. పన్ను విరిగిన చప్పుడు ఆమెకి వినపడింది. అతను తూలి, పడిపోకుండా ఆ చెయ్యినే పట్టుకున్నాడు. జబ్బ కిందకి దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ కొట్టింది. ఈసారి కణత మీద.

ఆ తర్వాత దవడ మూసుకుంది.

అతని కుడిచెయ్యి అందులో ఉంది.

అలాంటి అరుపు ఆమె అంతకుముందు వినలేదట. మనిషి అరుపులా లేదంది. భయంతో ఆమె చేతిలో డబ్బా ఎగిరి పడింది. నేల మీద పాకుతూ వెతికింది. దొరికింది, కానీ తీగలు ఊడిపోయి ఉన్నాయి. ఎంత నొక్కినా ఫలితం లేదు.

బ్యాటరీ దగ్గరకి దూకి రెండు తీగలూ పీకేసింది. చెయ్యి ఆగింది. దవడ మాత్రం ఆగినచోటే బిగుసుకుపోయింది. ఆ మోటారు అంతే... కరెంటు తీసేసినా పట్టు వదలదు. దాన్ని వెనక్కి తిప్పితేనే వదులుతుంది. సుత్తి దొరికితే సుత్తితో కొట్టింది. కొట్టిన ప్రతిసారీ మోహనకృష్ణ అరిచాడు. ఎముక నలిగే శబ్దం వస్తోంది. వెచ్చగా ఆమె మోచేతుల దాకా కారుతోంది.

సుత్తి పారేసింది. మోటారు తీగలు రెండూ చీకట్లో తడిమి పట్టుకుంది. ఏది ఏదో తెలీదు. అటు కలిపితే ఇంకా బిగుసుకుంటుంది, ఇటు కలిపితే వదులుతుంది. తీగల్ని బ్యాటరీకి ఆనించింది. నిప్పురవ్వలు లేచాయి...

దవడ ఇంకా లోపలికి దిగింది.

తీగలు మార్చి మళ్లీ ఆనించింది. ఈసారి తెరుచుకుంది. మోహనకృష్ణ సంచిలా కిందపడ్డాడు.

టార్చి పట్టుకొని ఎల్లాజీ వచ్చాడు. వెనక హాస్టల్ కుర్రాళ్లు. షెడ్డు గోడ పక్క నుంచి పరిగెడుతున్న గోవింద్ వాళ్లకి దొరికిపోయాడు. అతని చేతిలో ఫోన్ ఉంది. దాంట్లో ఈ చెయ్యిని కదిపే యాప్... వీళ్లతో ఉన్నప్పుడు పెట్టుకున్నది, తీసెయ్యలేదు. మెయిన్ స్విచ్చి దింపింది కూడా అతనే. మూడో షెడ్డు దెయ్యం పేరు చెప్పి భయపెడితే తెల్లారి పోటీకి చేతులు వణుకుతాయనుకున్నాడట.

కుర్రాళ్లు అతన్ని అక్కడే నేల మీద వేసి కొట్టారు. బెల్టులతో, బూటుకాళ్లతో. కనుబొమ చీలింది. పక్కటెముక విరిగింది. కొడుతున్నంతసేపూ అతను ఒకటే మాట అన్నాడు. "నాను జబ్బ కదిపానురా... దవడ కాదు... దవడ నా సేతిలో లేదు."

ఎవరూ వినలేదు. కుసుమ వింది.

దవడ స్విచ్చి ఎవరి చేతిలో ఉందో ఆమెకి తెలుసు. చీకట్లో, కంగారులో, బొటనవేలు కిందకి నొక్కి ఉంటుంది. ఇంకెవరు నొక్కుతారు? నోరు తెరిస్తే దెబ్బలు ఆగేవి. తెరవలేదు. గోడకి ఆనుకొని, నెత్తురు చేతులతో, చూస్తూ నిలబడింది.

మోహనకృష్ణకి రెండు వేళ్లు తీసేశారు. గోవింద్ మీద పోలీసు కేసు పెట్టారు. పోటీ జరిగింది, ఎవరో గెలిచారు.

ఎనిమిది రోజులు ఆమె అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిదో రోజు ప్రిన్సిపాల్ దగ్గరకి వెళ్లి, దవడ మూసింది తానేనని చెప్పేసింది. రాసి సంతకం కూడా పెట్టింది. ఆ మర్నాడు బస్సెక్కి మోహనకృష్ణ ఊరు వెళ్లింది.

అతను అరుగు మీద కూర్చొని ఉన్నాడు, చేతికి కట్టుతో. తల్లి లక్ష్మీనరసమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లింది. కుసుమ తలెత్తకుండా అంతా చెప్పింది. తిడితే పడదామని, కొడితే కొట్టించుకుందామని వెళ్లింది.

అతను తిట్టలేదు.

"నాను ఇంకోటి దాసినాను," అన్నాడు. "నీకు మాట వస్తాదని ఎవరికీ సెప్పలేదు."

"ఏటది?"

"జబ్బ రెండోసారి కొట్టాక సెయ్యి తీసేద్దామనుకున్నాను. తీసేవోడినే. నువ్వు ఎనక నుంచి వచ్చి నా బుజాలు రెండూ పట్టుకొని ముందుకి తోసీసినావు. దవడలోకి. కంగారులో అలా సేసినావనుకున్నాను."

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టింది.

"నాను నీ దగ్గరికి రాలేదు మోహనా. దవడ మూసుకునేదాకా నా సేతులు రెండూ డబ్బా మీదే ఉన్నాయి."

అతను ఎడమచేత్తో చొక్కా గుండీలు విప్పి, భుజాల మీంచి కిందకి జార్చి, వెనక్కి తిరిగాడు.

తొమ్మిది రోజులైంది కదా, కమిలిన చోటు పసుపురంగుకి తిరిగింది. అయినా వేళ్లు లెక్కపెట్టొచ్చు. ఆ భుజం మీద నాలుగు, ఈ భుజం మీద నాలుగు. మెడ పక్కన రెండు బొటనవేళ్లు.

కుసుమ లేచి వెనక నిలబడి, తన రెండు చేతులూ ఆ గుర్తుల మీద ఆనించి చూసింది.

ఆమె వేళ్లు వాటిలో సగానికే వచ్చాయి.