పరీక్ష రోజు విమానం

"షీ ఈజ్ ఫ్రీ. దే ఆర్ కోల్డ్," అంది బోక్సున్, మెట్లు తుడుస్తూనే.

ఇంగ్లీషు మాస్టారు టేసోక్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చూసేవాళ్లకు ఆమె బడి ఆయా, తీరిక వేళల్లో మాస్టారి దగ్గర సర్వనామాలు, విశేషణాలు నేర్చుకుంటోంది. నిజానికి ఇద్దరూ గూఢచారులే. వాళ్ల సంకేతంలో సర్వనామం మనిషి, విశేషణం ఆ మనిషి గతి. "షీ" అంటే యూజిన్. మార్చిలో విదేశం నుంచి వచ్చి వాళ్ల గూఢచారి శాఖలో అనువాదకురాలిగా చేరిన అందగత్తె, శత్రువుల మనిషని నిన్ననే తేలింది. ఆమె తప్పించుకుంది. "దే" అంటే సరిహద్దు అవతల మారువేషాల్లో ఉన్న పదకొండు మంది. వాళ్ల పేర్లు ఆమె లిప్‌స్టిక్ గొట్టంలో ఉన్నాయి. ఆ గొట్టం దేశం దాటితే పదకొండు ప్రాణాలూ పోయినట్టే, అదే 'కోల్డ్'.

"పన్నెండూ యాభై అయిదు విమానం, మాస్టారూ. విమానాశ్రయంలో ఉన్న ఆమె మనిషొకడు మహారాణి కోసం పది నిమిషాలు ఆపించాడంట. మనోళ్లు సియోల్ నించి బయల్దేరారు గానీ, ఒకటిన్నరకి గానీ చేరలేరు."

"నేను వెళ్తాను పిన్నీ."

"అరగంట దారి. ఎగిరెళ్తావా?"

గంట మోగింది. ఆ రోజు దేశమంతటా కాలేజీ ప్రవేశ పరీక్ష. ఇన్విజిలేటర్‌గా టేసోక్ తన ఫోనూ, ట్రాన్స్‌మిటర్ దాచిన పెన్నూ పొద్దున్నే ఆఫీసులో అప్పజెప్పాడు. ఇప్పుడు ఇరవై నలుగురు పిల్లల ముందు, మెత్తటి చెప్పుల్లో, దగ్గడానికి కూడా వీల్లేకుండా నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది.

ఇంచోన్‌లో ఆ బడి మీదుగా రెండు నిమిషాలకో విమానం పోతుంది. ఒకటీ అయిదుకి ముందు ఒకటి గర్జిస్తూ వెళ్లింది. అదే ఆమెదనుకుని కళ్లు మూసుకున్నాడు.

స్పీకరులో ఇంగ్లీషు గొంతు మొదలైంది. ఆకాశంలో మరే చప్పుడూ లేదు. అయిదు నిమిషాలైనా లేదు. అప్పుడు వెలిగింది అతనికి. పిల్లలు ఇంగ్లీషు విని జవాబులు రాసే ముప్పై అయిదు నిమిషాలూ, చప్పుడు అడ్డు రాకూడదని, దేశంలో ఏ విమానమూ లేవదు. ఏటా జరిగేదే. ఈ కంగారులో ఒక్కరికీ తట్టలేదు. కానీ ఆ ముందు పోయింది ఎవరిది? జవాబు కోసం చివరి గంట దాకా నిలబడాల్సి వచ్చింది.

"షీ ఈజ్ క్వయిట్," అంది బోక్సున్, గుడ్డ పిండుతూ.

విమానం ఇంకా నేల మీదుండగానే తమవాళ్లు చేరి బేడీలు వేస్తుంటే, విమానం ఎందుకు ఆపారని యూజిన్ అడిగిందట. సమయానికి బయల్దేరి ఉంటే ఆగేది కాదని, పది నిమిషాలు ఆపించుకోబట్టే పిల్లల పరీక్షకు అడ్డమైందని ఎయిర్‌హోస్టెస్ నెమ్మదిగా చెప్పిందట.

అయిదు భాషలు గడగడా మాట్లాడే యూజిన్, కలం పట్టకుండానే ఇంగ్లీషు పరీక్ష తప్పింది.