మూడు గిన్నెల డబ్బా

ఆ రాళ్ళు తాను తీశాడా, తీయలేదా? ఏడేళ్ళుగా సమ్మన్నను వేధిస్తున్న సందేహం ఇదొక్కటే. ప్రతి మంగళవారం చంద్రపూర్ మహాకాళి గుడిలో చేతులు జోడించి ఇదే అడుగుతాడు. అమ్మవారు అన్నీ చూస్తుందంటారు. చూసినదాన్ని ఎందుకు చెప్పదో అతనికి అర్థం కాదు.

ఆ ఉదయం స్నానం చేసి, దీపం పెట్టి, అటక మీది నుంచి పాత స్టీలు టిఫిన్ డబ్బా దించాడు. మూడు గిన్నెల డబ్బా. శుభ్రంగా తోమి, పై గిన్నె నిండా చక్కెర పోశాడు.

"ఎవలదయ్యా అది?" అంది భార్య జయ.

"ఇయ్యాల్సినోళ్ళది."

"ఒకలింటి డబ్బా ఖాళీగ తిరిగియ్యద్దని నీకు సుత ఎరుకేనా? సరే నడువు. పిల్లగాని తరఫోళ్ళు విరూర్ నుంచి పదింటికల్లా దిగుతరట."

రాజురాలో ఆ రోజు ప్రతిభకు పూలు పండ్లు, అంటే నిశ్చితార్థం. ప్రతిభ సమ్మన్న తమ్ముడు ఎల్లన్న కూతురు. ఎల్లన్న తొంభై ఒకటిలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. తండ్రి లేని పిల్లకు పెదనాన్నే పీట మీద కూర్చుని తాంబూలం అందుకోవాలి.

ఒకప్పుడు బొగ్గు లారీ తోలిన సమ్మన్న ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ జీపులో స్టేషన్ నుంచి బస్టాండ్ దాకా జనాన్ని చేరవేస్తాడు. జీపును మాత్రం ఊరు దాటించడు. ఆ రోజు బల్లార్షా దాటగానే వేగం తగ్గించాడు. అద్దంలో లారీ కనిపిస్తే చాలు, జీపును మట్టిలోకి దింపి ఆపేస్తున్నాడు. అది వెళ్ళిపోయాక మళ్ళీ రోడ్డెక్కిస్తున్నాడు.

"లారీ తోలినోనివి నువ్వేనా? ఎడ్లబండి సుత మనల్ని దాటిపోయింది," అంది జయ.

వర్ధా వంతెనకు ఇవతల రోడ్డు మీద రాళ్ళున్నాయి. చెడిపోయిన లారీ చుట్టూ, వచ్చే బండ్లు తప్పుకోవాలని ఎవరో పేర్చారు. లారీ బాగై వెళ్ళిపోయింది, రాళ్ళు మిగిలాయి. సమ్మన్న దిగి ఒక్కొక్కటీ మోసి గుంటలో పడేశాడు.

రాజురాలో తమ్ముడి భార్య గిరిజ చెంబుతో గుమ్మంలోకి వచ్చింది.

"నీళ్ళు తాగు బావా."

"దూప లేదు గిరిజా. పీట మీద జయ కూసుంటది. నేను బయటుంట."

గిరిజ చెంబును గడప పక్కన పెట్టింది.

"ఏడేండ్ల సంది నా ఇంట్ల గుక్కెడు నీళ్ళు ముట్టలేదు నువ్వు. మొగడు పోయినదాని చేతి నీళ్ళని ఊరోళ్ళంటే ఊకున్న. నువ్వు సుత గంతేనా? పిల్లగానోళ్ళ ముంగట గూడ గట్లనే జేస్తవా?"

సమ్మన్న అరుగు మీద కూలబడ్డాడు.

"గది కాదు బిడ్డా. తమ్ముడు పోయిన దినం వంతెన కాడ నా లారీ టైరు పలిగింది. కబురందుకొని, మిల్లు డ్యూటీకి పోతు పోతు, నువ్వు నాకని కట్టిన అన్నం డబ్బా ఎల్లన్న తెచ్చిచ్చిండు. మళ్ళొచ్చేటప్పుడు తీసుకపోత అన్నడు. లారీ చుట్టు రాళ్ళు పెట్టింది నేనే. టైరు మార్చినంక, బొగ్గు నింపే లైనుల నా నంబరు పోతదని ఉరికిన. ముంగటి రాళ్ళు తీసిన, గది యాదికున్నది. ఎనుకటియి తీసిన్నో లేదో యాదికొస్తలేదు. వాడు చీకట్ల లూనా బండి మీదొచ్చి రాయికి తగిలి పడ్డడు. ఎనుక ఇంకో లారీ..."

మిగతాది అందరికీ తెలుసు. జయ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. లోపల పూలు కడుతున్న ప్రతిభ చేతులు ఆగిపోయాయి.

గిరిజ గడపకు అటువైపు కూర్చుంది.

"ఆ దినం అన్నం తిన్నవా బావా?" అని అడిగింది.

"తిన్న. జొన్నరొట్టె, వంకాయ కూర."

"డబ్బా లేకుంట ఇంటికి రావద్దన్న ఆయనతోని. నవ్వుకుంటనే అన్న," అంది గిరిజ. "డబ్బా కోసం నీ లారీ ఏడున్నదో అని ఎతుక్కుంట ఆయన రాయిని చూడలేదేమో అని, ఏడేండ్ల సంది నాకు గూడ నిద్ర లేదు. ఎవలకు చెప్పుకోను?"

అసలు జరిగిందేమిటో అమ్మవారికే తెలియాలి. గడపకు అటొకరు, ఇటొకరు కూర్చుని ఏడ్చారు.

కాసేపటికి సమ్మన్న జీపులోంచి డబ్బా తెచ్చి రెండు చేతులతో అందించాడు. మూత మీద మరాఠీ అక్షరాల్లో చెక్కిన గిరిజ పేరు ఇంకా చెరగలేదు. ఆమె మూత తీసి, చిటికెడు చక్కెర అతని చేతిలో వేసి, చెంబు అందించింది. అతను ఎత్తిన చెంబు దించకుండా తాగాడు.

"ఇగ లోపలికొచ్చి పీట మీద కూసో. వాళ్ళొచ్చే యాళ్ళయింది."

గిరిజ చక్కెరను తాంబూలం పళ్ళెం పక్కనున్న గిన్నెలోకి వంపింది. డబ్బా కడిగి, తుడిచి, వంటింటి గూట్లో పెట్టింది. ఏడేళ్ళుగా ఆ చోట ఆమె మరే గిన్నే పెట్టలేదు.