ఎర్రబడిన పసుపు పట్టీ

"మేడం, పొద్దుగూకేలోపు లసుమవ్వ పాదం తీసేస్తరట," అంటూ జ్యోత్స్న వచ్చి డిటెక్టివ్ శైలజ ఎదుట కూలబడింది. ఆర్మూర్ పసుపు యార్డు పక్కనున్న ఆ ఇరుకు ఆఫీసులో అసిస్టెంటు శ్రవణ్ గబగబా మంచినీళ్ళందించాడు.

జ్యోత్స్న మెంతుల జిగురు, కలబంద గుజ్జుతో షుగర్ పుండ్లకు జెల్ పట్టీలు చేస్తుంది. అందులో పసుపు సారం కూడా ఉంటుంది. పుండు చెడితే పట్టీ ఎర్రబడి ముందే చెబుతుంది. మోర్తాడ్ లసుమవ్వకు వేసిన పట్టీలు వరసగా ఎర్రబడుతున్నాయి. ఆ రంగు చూసే, చీము ఎముకదాకా పోయి ఉంటుందని సర్జన్ తేల్చేశాడు.

"ఎవరో కావాలని చేస్తున్నరు. దవాఖానల కట్టుకట్టే గంగాధర్ మీదనే నా అనుమానం. పట్టీలొచ్చినంక ఆయన్నెవరు అడుగుతలేరు."

దవాఖాన వరండాలో లసుమవ్వ మొగుడు కాశీరాం అరచేతిలో తంబాకు నలుపుతూ దిగాలుగా కూర్చున్నాడు.

"పెద్దాయనా, పట్టీ ఎవరెవరు ముట్టిండ్రు?" అడిగింది శైలజ.

"గంగాధర్ తప్ప ఎవలు ముట్టలే."

"మీరు?"

"పెండ్లాం కాళ్ళు నేనెట్ల ముడ్త బిడ్డా? నలుగురు నవ్వరా?"

లోపల గంగాధర్ మొహం మాడ్చుకుని ఉన్నాడు. "గ్లౌజులు లేంది నేను ముట్టనే ముట్ట మేడం," అన్నాడు.

శైలజ అతనితోనే పట్టీ ఊడదీయించి, తిరగేసి చూసి, శ్రవణ్‌కు చూపించింది. పైన ఎర్రటి మరకలు. పుండుకు ఆనిన వైపు మాత్రం నికార్సైన పసుపు. శైలజ ఆ మరకలను మరోసారి పరీక్షగా చూసింది. శ్రవణ్ సంగతి తెలిసిందే, మేడం ఏదైనా రెండుసార్లు చూస్తే చాలు, కేసు సగం తేలిపోయిందని సంబరపడిపోతాడు.

సర్జన్‌తో సహా అందరినీ మంచం దగ్గరికి పిలిచి, కొత్త పట్టీని ముక్కలు చేయించింది శైలజ. "తలా ఒకటి బొటనవేలితో ఒత్తండి."

జ్యోత్స్నది పసుపుగానే ఉంది. గ్లౌజు తీసి ఒత్తినా గంగాధర్‌దీ అంతే. కాశీరాం ముక్క మాత్రం చూస్తుండగానే పారాణిలా ఎర్రబడింది.

"పుండు చెడితే ముందు పుండు వైపే ఎర్రబడాలె," అంది శైలజ. "ఇది పైనుంచి వచ్చింది. తంబాకుల కలిపే సున్నం వేళ్ళకంటి, పసుపుకు తగిలింది. గంగాధర్ గ్లౌజులు లేకుండ ముట్టడు. పెద్దాయనా, అబద్ధమెందుకు ఆడిండ్రు?"

కాశీరాం తల దించుకున్నాడు. "పొద్దుగాల గామె నిద్రల ఉన్నప్పుడు, పట్టీ ఊడిందేమోనని ఒత్తి సూస్తుంటి. ఊడితె కాలు పోతదని బుగులు. మొగోడు పెండ్లాం కాలు పట్టిండంటరని జెప్పలే."

సర్జన్ వంగి పుండును నిదానంగా పరీక్షించాడు. అడుగున లేత కండ పెరుగుతోంది. "ఆపరేషన్ అక్కర్లేదు. మానుతోంది," అన్నాడు. శ్రవణ్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. జ్యోత్స్న కళ్ళు తుడుచుకుని, "మాఫ్ చెయ్యన్నా," అంది గంగాధర్‌తో.

లసుమవ్వ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "దొంగసాటుగ పట్టుడెందుకయ్యా? సబ్బుతోని చేతులు కడుక్కొని రా. గీ నలుగురి ముందట పట్టు, నేను గూడ సూస్త."

కాశీరాం చేతులు కడుక్కుని వచ్చాడు. అందరూ చూస్తుండగా మంచం పక్కన కూర్చుని, ఆమె పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.