డెబ్బై ఐదు మీద ముల్లు

డెబ్బై ఐదు!

స్పీడోమీటర్ ముల్లు అక్కడే నిలబడింది. వణకడం లేదు.

జమీర్ అద్దంలోకి చూశాడు.

తెల్ల బొలేరో... ఇంకా వెనకాలే ఉంది!

ఉదయం ఎనిమిదింబావు. నరసరావుపేట దాటి వినుకొండ రోడ్డు. కింద ఎనిమిదేళ్ల పాత స్కూటర్. యాభై దాటితే గజగజలాడేది. ఇరవై కిలోమీటర్లకే బెల్ట్ వేడెక్కి జారేది.

బండి ఫిలోమినాది.

ఆమె మొగుడు బెంజిమిన్‌ని నడిరోడ్డు మీద నరికేశారు. నరికించింది క్వారీ శివరామయ్య. కళ్లారా చూసింది ఆమె ఒక్కతే. ఇవాళ పదిన్నరకి గురజాల కోర్టులో సాక్ష్యం చెప్పాలి.

పోయిన వాయిదాకి బస్సెక్కితే పిడుగురాళ్లలో చెయ్యి పట్టి దించేశారు. కారుతో కిరాయికి వచ్చే మొనగాడు ఊళ్లో లేడు.

అందుకే స్కూటర్.

"అరవై కిలోమీటర్లు ఆక్కుండా పోవాల జమీరూ. అంతే."

మెకానిక్ జమీర్ వారం రోజులు దాంతో కుస్తీ పట్టాడు. కొత్త బెల్ట్. బరువైన రోలర్లు. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ జెట్ ఒక సైజు పెద్దది. ఇంజిన్ కాగిపోకుండా పరిగెత్తాలి!

ఇవాళ పొద్దున్నే ఆమె షాపుకొచ్చింది.

"ఇయ్యి, పోతా."

"ట్రయల్ ఎయ్యకుండా నేను బండి ఇయ్యనక్కా. నీకు తెలీందేముంది? ఇట్టా పోయి అట్టా వస్తా. కూచో."

స్టూలు మీద కూచోబెట్టి వచ్చాడు. పది నిమిషాల పని.

ఊరు దాటగానే... శివరామయ్య బొలేరో!

హారన్! చెవులు చిల్లులు పడేలా!

జమీర్ తలకి హెల్మెట్. మొహం కనపడదు. బండిని చూసి ఫిలోమినా అనుకున్నారు!

హెల్మెట్ తీసి చూపిస్తే తన ప్రాణం దక్కుతుంది. కానీ వాళ్లు వెనక్కి తిరిగి ఆమె మీదకే పోతారు.

భయం. పచ్చి భయం. అయినా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు.

పది కిలోమీటర్లు... పదిహేను... ఇరవై!

బెల్ట్ జారలేదు! బొలేరో దగ్గరకొస్తుంది... వెనక్కి తగ్గుతుంది... మళ్లీ వస్తుంది.

"రండ్రా! జమీర్ చేతి పని చూస్కోండి!"

ఇరవై ఐదు.

అద్దంలోకి చూశాడు. రోడ్డు ఖాళీ!

బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపకుండానే దాని పక్కన చెయ్యి పెట్టి చూశాడు. వేడిగా ఉంది, అంతే. కళ్లు చెమర్చాయి. ఫోన్ తీశాడు.

"అక్కా! ఆళ్లు నా ఎనకాల పడ్డారు. చానా దూరం లాక్కొచ్చా. నువ్వు ఎంటనే బస్సెక్కు!"

"జమీరూ..." ఆమె గొంతు సన్నగా ఉంది. "బజార్లో షాపులోళ్లందరూ షట్టర్లు దించేస్తున్నారు. ఏందిది?"



పల్నాడులో షట్టర్లు ఊరికే దిగవు. ప్రాణం తీసే ముందే దిగుతాయి.

"ఎదురుగా ఏదో జీపు ఆగింది జమీరూ..."

డెబ్బై ఐదు మీద పోయే పాత స్కూటర్‌ని బొలేరో అందుకోలేదా? ప్యాంటూ షర్టూ వేసుకున్న మనిషిని చూసి ఫిలోమినా అనుకుంటారా? గురజాల పోవాల్సిన మనిషి వినుకొండ రోడ్డెక్కుతుందా?

మెకానిక్ అయ్యుండీ...!

కాకి పిల్ల కాకికి ముద్దు. తన పని చూసి తనే మురిసిపోయాడు!

ట్రయల్ వెయ్యకుండా జమీర్ బండి ఇవ్వడని పేటంతటికీ తెలుసు. శివరామయ్యకీ తెలుసు. గొర్రెని తోలినట్టు తోలారు. ఆమెకున్న ఒక్క బండినీ ఇరవై ఐదు కిలోమీటర్ల దూరం తోలేశారు... అతని చేత్తోనే!

"అక్కా! పారిపో!"

"దేంట్లో నాయనా? బండి నీ దగ్గరుందిగా."

ఫోన్లో...

ఢామ్!

"అక్కా! అక్కా!"



పక్కన స్కూటర్ ఆడుతూనే ఉంది. ఎక్కడా మిస్సింగ్ లేదు.