కంటి పరీక్షలో ఫస్టు

"మీ పాపకు చదువు మీద ధ్యాస లేదు. సోమవారం నుంచి కింది తరగతిలో కూర్చోబెడుతున్నాం."

బుజ్జి నోటుబుక్కులో టీచరు రాసిన ఆ రెండు ముక్కలు చదివి, తల్లి కుట్టుమిషను ఆపేసింది. పేజీ తిప్పితే అంతా తెల్లకాగితం... బోర్డు మీది పాఠం ఒక్క అక్షరం ఎక్కించలేదు! కోపం ఆపుకోలేక పిల్ల మీద చెయ్యి చేసుకుంది. ఆ మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎలా జరిగిందిది? బళ్లో పిల్లలందరికీ కళ్లు పరీక్ష చేయించాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేసి, అధికారుల వెంటపడి సాధించిన తల్లుల్లో తనూ ఒకతె. పోయిన నెల ఆ పరీక్షలో బుజ్జి గడగడా చదివేసింది. చూపు బ్రహ్మాండంగా ఉందని కాగితం కూడా ఇచ్చారు. కళ్లు బాగుండి, బుద్ధి బాగుండి, మరి ఈ పిల్లకేమొచ్చినట్టు?

"గారాబం ఎక్కువై మొండికెత్తింది," అన్నారు అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్లు టీచరుగా చేసిన మనిషి. తన దగ్గర చదివినవాళ్లెవరైనా పరీక్ష తప్పితే ఆవిడకు తల కొట్టేసినట్టుండేది.

"ఇంకోసారి కళ్లు చూపిద్దాం అత్తయ్యా."

"చూశారుగా, మళ్లీ ఎందుకూ?" అన్నారు గానీ, చెప్పులు వేసుకుని వెంట బయలుదేరారు.

బళ్లో నర్సు కొత్త అక్షరాల పటం గోడకు తగిలించింది. బుజ్జి ఒక కన్ను మూసుకుని, నిటారుగా నిలబడి అప్పజెప్పింది. "గ, ర, ప, న..."

నర్సు తెల్లబోయింది. "ఇందులో ఉన్నవి అవి కావమ్మా. అవి పోయిన నెల పటంలోవి."

తల్లికి ఏమీ అర్థం కాలేదు. అత్తగారు బల్ల మీద కూలబడ్డారు.

"పోయిన నెల పరీక్షకు ముందురోజే బడికొచ్చి ఆ పటం చూసి రాసుకొచ్చాను అమ్మాయ్. నేనే దానిచేత బట్టీ పట్టించాను. పరీక్ష అంటే తప్పకూడదని ఒక్కటే తెలుసు నాకు... నా చేతుల్తో పిల్ల కళ్లకు గంతలు కట్టాను."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆ బట్టీ పాఠం మిషను కుడుతూ తనూ విన్నది. నాయనమ్మ చదివిస్తోందని మురిసిపోయింది కూడా! ఊళ్లోవాళ్ల గుమ్మాలన్నీ ఎక్కిదిగింది గానీ, బోర్డు కనిపిస్తోందా తల్లీ అని కన్నకూతుర్ని ఒక్కనాడైనా అడిగిందా? ఏడుపు ఆపుకోలేక గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

నర్సు బుజ్జి ముక్కు మీద కళ్లజోడు చట్రం పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మార్చింది. బుజ్జి గోడ చూసింది, కిటికీ చూసింది, ఆఖరికి గుమ్మం వైపు తిరిగింది.

"అమ్మా, నీ మొహం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. ఏడుస్తున్నావా? నేను పరీక్ష తప్పానా?"

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తగారే లేచి వెళ్లి మనవరాల్ని దగ్గరకు తీసుకున్నారు.

"తప్పావు తల్లీ," అన్నారు ఆవిడ. "హాయిగా తప్పావు."